టేబుల్ బి మీద సంతకం పడ్డాకే టికెట్

ప్రశ్న: మాది హనుమకొండ. బీటెక్ ఈసీఈ అయ్యాక ఈ అక్టోబరులో జర్మనీలోని ఒక టెక్నికల్ యూనివర్సిటీలో రెండేళ్ల మాస్టర్స్‌లో చేరాను. మా యూనివర్సిటీ యూరోపియన్ యూనివర్సిటీల కూటమి ఒకదానిలో ఉంది. మూడో సెమిస్టర్ బార్సిలోనాలో చదవొచ్చని, యూరోపియన్ యూనియన్ (ఈయూ) విద్యార్థి మార్పిడి పథకం ఎరాస్మస్ కింద డబ్బు కూడా ఇస్తారని ఓరియంటేషన్‌లో చెప్పారు. సీనియర్లేమో "అది యూరప్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకే, మనకు వీసా తలనొప్పి, పైగా క్రెడిట్లు పోయి ఒక సెమిస్టర్ వెనకబడతావు" అంటున్నారు. నాన్న ఇల్లు తనఖా పెట్టి లోన్ తెచ్చారు. ఆర్నెల్లు ఆలస్యమైతే మేం తట్టుకోలేం. వెళ్లమంటారా, మానుకోమంటారా? ఇంకో మాట. మా తమ్ముడు కాకినాడలో బీటెక్ ఫైనలియర్. వాణ్ని ఎరాస్మస్ ముండుస్‌కు అప్లై చేయమంటున్నారు. రెండూ ఒకటేనా? – ఒక పాఠకురాలు

సమాధానం: వెళ్లండి. మీ సీనియర్లు చెప్పిన మూడింటిలో పాస్‌పోర్టు మాట పూర్తిగా తప్పు, వీసా మాట సగం తప్పు. క్రెడిట్ల మాట మాత్రం నిజమే. కాకపోతే అవి వాటంతట అవి పోవు. ఎక్కడ పోతాయో ముందే తెలుసు కాబట్టి అక్కడ కాపలా పెట్టుకోవచ్చు. మీ ఇంటి పరిస్థితి చూస్తే ఆ కాపలా మీకు తప్పనిసరి. జర్మనీలో విద్యార్థి వీసాకు చూపించే ఖర్చు లెక్క నెలకు 992 యూరోలు. ఒక సెమిస్టర్ ఆలస్యమంటే ఆరు నెలలకు 5,952 యూరోలు, దాని మీద లోన్ వడ్డీ.

ముందు పాస్‌పోర్టు సంగతి. ఎరాస్మస్ ఎక్స్ఛేంజ్‌కు మీరు ఏ దేశపు పౌరులన్నది చూడరు, డిగ్రీకి ఏ యూనివర్సిటీలో చేరారన్నదే చూస్తారు. 1987లో 11 దేశాలు, 3,244 మంది విద్యార్థులతో మొదలైన ఈ పథకంలో ఇప్పుడు ఈయూలోని 27 దేశాలతో పాటు నార్వే, ఐస్‌లాండ్, లీచ్‌టెన్‌స్టైన్, టర్కీ, సెర్బియా, ఉత్తర మాసిడోనియా ఉన్నాయి. జర్మన్ యూనివర్సిటీలో డిగ్రీ చదువుతున్న వరంగల్ అమ్మాయికీ మ్యూనిక్ అబ్బాయికీ అర్హత ఒకటే. బార్సిలోనాలో ట్యూషన్ ఫీజు అడగరు. జర్మనీలో కట్టే సెమిస్టర్ ఫీజు మాత్రం ఎప్పటిలాగే కట్టాలి. బాడెన్-వుర్టెంబెర్గ్‌లో చదువుతుంటే ఈయూ బయటివాళ్లు కట్టే 1,500 యూరోల సంగతి కూడా ముందే అడిగి తెలుసుకోండి.

"మా యూనివర్సిటీ కూటమిలో ఉంది" అన్న మాట మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 2017 సెప్టెంబరులో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ సోర్బాన్ ప్రసంగంలో ఈ ఆలోచన బయటపెట్టాక, 2019లో 17 కూటములు ఎంపికయ్యాయి. 2024 నాటికి అవి 65 అయ్యాయి, 570కి పైగా విద్యాసంస్థలు వాటిలో ఉన్నాయి. ఉదాహరణకు 'యునైట్' అనే కూటమిలో డార్మ్‌స్టాట్ టెక్నికల్ యూనివర్సిటీ, స్టాక్‌హోమ్ కేటీహెచ్, బార్సిలోనా యూపీసీ, టొరినో పాలిటెక్నిక్ లాంటివి ఉన్నాయి. పేరు, లోగో, వెబినార్లు అన్నీ ఉంటాయి. సీటు మాత్రం కూటమి ఇవ్వదు. రెండు యూనివర్సిటీల మధ్య, చాలాసార్లు రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య రాసుకున్న ఒప్పందం ఇస్తుంది. అందులో ఏ సబ్జెక్టు, ఏ స్థాయి, ఏడాదికి ఎంతమంది అని ఉంటుంది. కొన్ని ఒప్పందాలు బ్యాచిలర్స్‌కే పరిమితం. కొన్నింట్లో సీట్లు రెండే. కాబట్టి ఇంటర్నేషనల్ ఆఫీసును "బార్సిలోనా ఉందా" అని అడిగితే చాలదు. "ఎలక్ట్రికల్, మాస్టర్స్ స్థాయిలో ఎన్ని సీట్లు" అని అడగండి.

అడగడం కూడా ఇప్పుడే. భారతీయ విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మూడో సెమిస్టర్ వచ్చే సెప్టెంబరులో కదా, ఇంకా పది నెలలుంది అనుకుంటారు. కానీ చాలా జర్మన్ యూనివర్సిటీల్లో వచ్చే విద్యా సంవత్సరానికి దరఖాస్తులు డిసెంబరు, ఫిబ్రవరి మధ్యలోనే ముగుస్తాయి. అంటే మీరు వచ్చి మూడు నెలలు తిరక్కముందే, ఇంకా సిటీ రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా గొడవల్లో ఉండగానే. మొదటి సెమిస్టర్ మార్కులు అప్పటికి రావు కాబట్టి బీటెక్ మార్కులు, ఒక పేజీ మోటివేషన్ లెటర్, భాషా సర్టిఫికెట్ చూసి ఎంపిక చేస్తారు. ఆ తర్వాత మీ యూనివర్సిటీ మిమ్మల్ని నామినేట్ చేస్తుంది, అంటే మీ పేరు బార్సిలోనాకు పంపుతుంది. అప్పుడు బార్సిలోనా వాళ్ల పోర్టల్‌లో మళ్లీ విడిగా అప్లై చేయాలి. నామినేషన్ అయిపోయింది కదా అని ఈ రెండో దరఖాస్తు మర్చిపోయి సీటు పోగొట్టుకునేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. గడువు దాటితే వసంతంలో మిగిలిపోయిన సీట్ల జాబితా వస్తుంది, కానీ బార్సిలోనా లాంటి ఊరు అందులో మిగలడం కష్టం.

ఇక అసలు విషయం, క్రెడిట్లు. యూరప్‌లో ఏడాది చదువు 60 ఇసిటిఎస్ (యూరప్ ఉమ్మడి లెక్క) క్రెడిట్లు, సెమిస్టర్‌కు 30. ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. క్లాసు, ఇంట్లో చదువు, పరీక్ష అన్నీ కలిపి. కొలబద్ద ఒకటే అయినా ముక్కలు కోసే తీరు ఊరికో రకం. మీ దగ్గర మాడ్యూల్ (సబ్జెక్టు) 6 క్రెడిట్లు ఉండొచ్చు, బార్సిలోనాలో 5 ఉండొచ్చు, స్వీడన్‌లో 7.5 మామూలు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. తమ యూనివర్సిటీలోని ఐదు మాడ్యూళ్లకు అక్కడ అచ్చం అలాంటివే ఐదు వెతికి ఒకదానికొకటి జత కడతారు. ఒక్కోదానిలో 1 క్రెడిట్ తక్కువ. అలా ఐదూ పూర్తిచేసి వచ్చాక చూస్తే 30కి బదులు 25 ఉంటాయి. ఆ 5 కోసం నాలుగో సెమిస్టర్‌లో థీసిస్ రాస్తూ ఇంకో మాడ్యూల్ చదవాలి.

దీనికి మందు లెర్నింగ్ అగ్రిమెంట్‌లోనే, అంటే వెళ్లే ముందు కోర్సులు రాసుకునే ఒప్పంద పత్రంలోనే ఉంది. ఆ ఆన్‌లైన్ ఫారంలో టేబుల్ ఏ అంటే అక్కడ మీరు చదివేవి. టేబుల్ బి అంటే వాటికి బదులుగా మీ యూనివర్సిటీ జర్మనీలో ఏం లెక్కలో వేసుకుంటుందో. ఈ రెండిటికీ వరసకు వరస జత కుదరాలన్న నియమం లేదు. మొత్తానికి మొత్తం సరిపోతే చాలు. బార్సిలోనాలో 5 క్రెడిట్ల కోర్సులు ఆరు టేబుల్ ఏలో రాసి, ఇక్కడి 6 క్రెడిట్ల ఎలక్టివ్‌లు ఐదు టేబుల్ బిలో ఒకే గంపగా రాయించుకోండి. అటు 30, ఇటు 30. మీ కోఆర్డినేటర్ ఒకదానికొకటి జత కావాలని పట్టుబడితే, మీ స్టడీ రెగ్యులేషన్‌లో (కోర్సు నియమావళిలో) "ఎలక్టివ్ ఏరియా" అన్న పేరుతో ఎన్ని క్రెడిట్లు ఉన్నాయో చూపించి ఆ పేరు మీదే రాయమనండి.

దాన్ని బట్టే ఏం వదిలి ఏం తీసుకెళ్లాలో తేలిపోతుంది. కంపల్సరీ మాడ్యూళ్లు, ల్యాబులు, సెమినార్లు మొదటి రెండు సెమిస్టర్లలో ఇక్కడే పూర్తిచేయండి. ల్యాబుకు బయట సమానమైనది దొరకడం కష్టం, దొరికినా ప్రొఫెసర్ ఒప్పుకోవడం ఇంకా కష్టం. బార్సిలోనాకు ఎలక్టివ్‌లు, నాన్-టెక్నికల్ క్రెడిట్లు మాత్రమే మోసుకెళ్లండి. స్పానిష్ భాషా కోర్సు కూడా చాలాచోట్ల ఆ నాన్-టెక్నికల్ ఖాతాలో పడుతుంది, అడిగి చూడండి.

ఇప్పుడు సంతకాలు. లెర్నింగ్ అగ్రిమెంట్ మీద మూడు ఉంటాయి: మీది, మీ యూనివర్సిటీది, అక్కడివాళ్లది. మీ యూనివర్సిటీ తరఫున సంతకం చేసేది సాధారణంగా డిపార్ట్‌మెంట్ ఎరాస్మస్ కోఆర్డినేటర్. కానీ క్రెడిట్లు గుర్తించే అధికారం ఎగ్జామినేషన్ బోర్డుది, జర్మన్‌లో ప్రూఫుంగ్స్‌ఆస్‌షుస్. రెండూ ఒకే మనిషి చేతిలో ఉంటే గొడవ లేదు. వేర్వేరు అయితే, కోఆర్డినేటర్ నవ్వుతూ సంతకం పెడతారు, తిరిగొచ్చాక బోర్డు "ఈ కోర్సు మా స్థాయి కాదు" అంటుంది. మీ సీనియర్ల క్రెడిట్లు పోయి ఉంటే నూటికి తొంభై పాళ్లు ఈ సందులోనే పోయి ఉంటాయని మా అనుమానం. అందుకే టేబుల్ బిని, ఒక్కో కోర్సు సిలబస్ పీడీఎఫ్‌తో కలిపి బోర్డుకు ముందే పంపి "వీటిని ఫలానా ఏరియాలో ఇన్ని క్రెడిట్లుగా గుర్తిస్తారా" అని రాతపూర్వకంగా అడగండి. వచ్చిన ఈమెయిల్‌ను పీడీఎఫ్ చేసి దాచుకోండి. ఇది చేతికి రాకుండా ఫ్లైట్ టికెట్ కొనకండి.

బోర్డు కుదరదంటే అక్కడితో వదిలేయకండి. 1997 నాటి లిస్బన్ ఒప్పందం ప్రకారం, మీరు చదివినదానికీ వాళ్లదానికీ చెప్పుకోదగ్గ తేడా ఉంటేనే నిరాకరించాలి. ఆ తేడా ఉందని చూపించాల్సిన భారం యూనివర్సిటీది, మీది కాదు. "సిలబస్ 70 శాతం కలవలేదు" అన్నది కారణం కాదు. ఈ కోర్సు లేకపోతే మీరు తర్వాతి చదువులో ఏం చేయలేకపోతారో వాళ్లు చెప్పాలి. గొంతు పెంచాల్సిన పనిలేదు. "కారణం రాసి ఇవ్వగలరా" అని మర్యాదగా ఒక్క వాక్యం రాస్తే చాలాసార్లు ఫైలు కదులుతుంది.

కోర్సులు ఎంచుకునేటప్పుడు మూడు చూడండి. ఒకటి, ఆ కోర్సు మీరు వెళ్లే సెమిస్టర్‌లోనే ఉందా. పోర్టల్‌లో కనిపించేది తరచూ పోయినేటి జాబితా. రెండు, అది మాస్టర్స్ స్థాయిదేనా. బ్యాచిలర్స్ కోర్సు తెస్తే చాలా బోర్డులు తీసుకోవు. మూడు, ఏ భాషలో చెబుతారు. బార్సిలోనాలో ఇది చిన్న విషయం కాదు. అక్కడ స్పానిష్‌తో పాటు క్యాటలన్ కూడా బోధనా భాష. కష్టపడి స్పానిష్ నేర్చుకుని వెళ్లి క్యాటలన్ క్లాసులో కూర్చోవడమంటే, హిందీ నేర్చుకుని చెన్నైలో తమిళ మీడియం క్లాసుకు వెళ్లినట్టే. కోర్సు పేరు ఇంగ్లిష్‌లో ఉన్నంత మాత్రాన పాఠం ఇంగ్లిష్‌లో ఉంటుందనుకోవద్దు. గ్రూపుల వారీగా భాష రాసి ఉంటుంది, అది చూడండి.

ఎంత చూసుకున్నా అక్కడికి వెళ్లాక ఒకటో రెండో మారతాయి. టైమ్‌టేబుల్ ఢీకొంటుంది, లేదా సీట్లు నిండిపోతాయి. మారితే తప్పు లేదు, ఫారంలో మార్చకపోవడమే తప్పు. సెమిస్టర్ మొదలైన ఐదు వారాల్లోపు మార్పులు లెర్నింగ్ అగ్రిమెంట్‌లో ఎక్కించి మళ్లీ మూడు సంతకాలూ తీసుకోండి. వాట్సాప్‌లో కోఆర్డినేటర్ "ఓకే" అన్నారని ఊరుకుంటే జనవరిలో ఆయన రిటైరై ఉండొచ్చు. ఇంకో గుంట కూడా ఉంది. ఇక్కడ ఒక మాడ్యూల్ పరీక్షకు రిజిస్టర్ అయ్యో, ఒకసారి ఫెయిలయ్యో ఉంటే, దానికి బదులు బయట చదివింది తీసుకోవడానికి చాలా రెగ్యులేషన్లు ఒప్పుకోవు. అలాంటి మాడ్యూల్‌ను టేబుల్ బిలో పెట్టకండి.

మార్కుల మార్పిడి గురించి కూడా ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది. జర్మనీలో 1 అంటే అత్యుత్తమం, అంకె పెరిగేకొద్దీ మార్కు తగ్గినట్టు. ఎక్కువచోట్ల 'మాడిఫైడ్ బవేరియన్ ఫార్ములా' వాడతారు. అక్కడి గరిష్ఠ మార్కులోంచి మీకు వచ్చింది తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, 3తో హెచ్చించి, 1 కలపాలి. స్పెయిన్‌లో గరిష్ఠం 10, పాస్ 5. మీకు 8 వస్తే: 10 లోంచి 8 తీస్తే 2, దాన్ని 5తో భాగిస్తే 0.4, మూడింతలు 1.2, ఒకటి కలిపితే 2.2. తొమ్మిదికి 1.6. ఏడుకు 2.8. స్పెయిన్‌లో 9 దాటితే 'సొబ్రెసాలియెంతె' అంటారు, అది అక్కడ అత్యుత్తమ శ్రేణి. అదే ఇక్కడికి వచ్చేసరికి 1.6 దగ్గర కూర్చుంటుంది. మీకు పీహెచ్‌డీ ఆలోచన ఉండి సగటు ముఖ్యమనుకుంటే, మార్కు లేకుండా 'పాస్'గా మాత్రమే గుర్తించే వీలు మీ రెగ్యులేషన్‌లో ఉందేమో అడగండి. కొన్ని యూనివర్సిటీలు రెండు చోట్లా ఎంతమంది విద్యార్థులకు ఏ మార్కు వచ్చిందో పట్టికలు పోల్చి మారుస్తాయి. అలా అయితే మీకు లాభం కావచ్చు.

తేదీల గురించి. శరదృతువులో వెళ్లడమే మీకు నయం. స్పెయిన్‌లో సెప్టెంబరు తొలి రెండు వారాల్లో క్లాసులు మొదలై జనవరిలో పరీక్షలు ముగుస్తాయి. జర్మనీ సమ్మర్ సెమిస్టర్ క్లాసులు ఏప్రిల్‌లో కాబట్టి తిరిగొచ్చాక రెండు నెలలు థీసిస్ గైడ్‌ను వెతుక్కోవడానికి దొరుకుతాయి. కానీ మీ రెండో సెమిస్టర్ పరీక్షల్లో కొన్ని సెప్టెంబరులో పడవచ్చు. ఏప్రిల్‌లోనే పరీక్షల జాబితా చూసి, జులై, ఆగస్టుల్లో ఉన్నవే ఎంచుకోండి. ఫిబ్రవరిలో వెళ్లే ఆలోచన మానేయండి. జర్మనీ వింటర్ పరీక్షలు, అక్కడి క్లాసుల మొదలు నేరుగా గుద్దుకుంటాయి.

వీసా. ఈయూలో 2016/801 అనే నిర్దేశం, అంటే చట్టం లాంటి ఆదేశం ఉంది. ఒక ఈయూ దేశంలో విద్యార్థి రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లు, ఈయూ పథకం కింద గానీ, యూనివర్సిటీల మధ్య ఒప్పందం కింద గానీ వెళ్తే, ఇంకో సభ్య దేశంలో 360 రోజుల దాకా చదువుకోవచ్చు. కొత్త వీసా అక్కర్లేదు. ఆ దేశం కోరితే ముందుగా సమాచారం ఇవ్వాలి, వాళ్లకు అభ్యంతరముంటే 30 రోజుల్లో చెప్పాలి. సమాచారం ఎవరు, ఏ ఆఫీసుకు పంపాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. జర్మనీకి వచ్చేవాళ్ల విషయంలో యూనివర్సిటీయే వలస శాఖకు పంపుతుంది. స్పెయిన్ విధానం బార్సిలోనా ఇంటర్నేషనల్ ఆఫీసును అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే అడగండి. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు, అడ్మిషన్ లెటర్, ఎరాస్మస్ గ్రాంట్ ఒప్పందం, ఇన్సూరెన్స్, ఖర్చులకు డబ్బుందన్న రుజువు – ఇవన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంచుకోండి.

ఇందులో కీలకం "పథకం కింద గానీ ఒప్పందం కింద గానీ" అన్న మాట. ఏ ఒప్పందమూ లేకుండా సొంతంగా సీటు సంపాదించుకుని వెళ్లేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు, మామూలు వీసాకు వెళ్లాలి. ఇంకొకటి, డెన్మార్క్, ఐర్లాండ్ ఈయూలోనే ఉన్నా ఈ నిర్దేశం వాటికి వర్తించదు. నార్వే, టర్కీ, సెర్బియా ఎరాస్మస్‌లో ఉన్నా ఈయూలో లేవు. అక్కడికైతే విడిగా పర్మిట్ తీసుకోవాల్సిందే. మీ సీనియర్లలో ఎవరైనా కోపెన్‌హాగన్ వెళ్లబోయి ఇబ్బంది పడి ఉంటే, వీసా తలనొప్పి అన్న మాట వాళ్ల వరకు నిజం.

మీ వైపు చూసుకోవాల్సింది కార్డు గడువు. మీరు అక్కడ ఉండే రోజులన్నిటికీ జర్మన్ పర్మిట్ చెల్లుబాటులో ఉండాలి. కార్డు నవంబరులో ముగుస్తుంటే మే నెలలోనే రెన్యువల్‌కు పెట్టండి. రెన్యువల్ మధ్యలో ఇచ్చే తాత్కాలిక కాగితాన్ని నమ్ముకుని దేశం దాటకండి. ఆరు నెలలు బయట ఉంటే జర్మన్ పర్మిట్ రద్దవుతుందన్న భయం కూడా ఉంటుంది. ఇలా చదువులో భాగంగా ఇంకో ఈయూ దేశానికి వెళ్లినప్పుడు అలా రద్దు కాదని చట్టంలోనే ఉంది. అయినా ఫారినర్స్ ఆఫీసుకు ఒక ఈమెయిల్ పెట్టి వెళ్లండి. హాస్టల్ గది పూర్తిగా వదిలేస్తే రిజిస్టర్డ్ అడ్రస్ పోయి, వాళ్ల ఉత్తరాలు అందక కొత్త చిక్కులొస్తాయి. అనుమతి తీసుకుని గది తాత్కాలికంగా ఇంకొకరికి ఇవ్వడం మేలు.

ఇన్సూరెన్స్ కార్డు ఒకసారి తిప్పి చూడండి. జర్మన్ ప్రభుత్వ ఇన్సూరెన్స్ కార్డుకు వెనక వైపే యూరోపియన్ హెల్త్ కార్డు ఉంటుంది. ఆ గళ్లలో మీ పేరు, నంబరు బదులు నక్షత్రపు గుర్తులు ఉంటే అది బయట పనిచేయదు. స్పెయిన్‌లో ఈ కార్డు మీకు చెల్లుతుంది. డెన్మార్క్, నార్వే, ఐస్‌లాండ్, లీచ్‌టెన్‌స్టైన్, స్విట్జర్లాండ్‌లలో మాత్రం ఈయూ పౌరులు కానివాళ్లకు చెల్లదు.

డబ్బు. జర్మనీ నుంచి వెళ్లేవాళ్లకు దేశాన్ని బట్టి నెలకు 540 నుంచి 600 యూరోలు వస్తున్నాయి. స్పెయిన్ 540 గుంపులో ఉంది. బార్సిలోనాలో గది అద్దెకు అది ఇంచుమించు సరి. మిగతా ఖర్చు మీదే. అయితే మీ నాన్నగారు, అమ్మగారు ఇద్దరూ డిగ్రీ చదవనివారైతే, నెలకు మరో 250 వస్తుంది. ఇంట్లో తొలి తరం పట్టభద్రులకు జర్మనీ ఇచ్చే అదనపు సాయం ఇది. ఈ గడిలో టిక్ పెట్టకుండా వదిలేసే మనవాళ్లు చాలామంది. సిగ్గుపడాల్సిందేమీ లేదు, పెట్టండి. అలాగే బడ్జెట్ తక్కువ ఉన్న ఏడాది 'జీరో గ్రాంట్' అని డబ్బు లేకుండా సీటు మాత్రమే ఇవ్వవచ్చు. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఎన్ని రోజులకు డబ్బు ఇస్తున్నారో చదవండి.

రోజుల లెక్క కచ్చితంగా ఉంటుంది. నెలంటే 30 రోజులు, రోజుకు 18 యూరోలు. సెప్టెంబరు 8 నుంచి జనవరి 17 దాకా 130 రోజులు, 2,340 యూరోలు. ఇందులో ఎక్కువ భాగం ముందే ఇచ్చి, కొంత తిరిగొచ్చాక, అక్కడ ఉన్న రోజులు చూపించే సర్టిఫికెట్, రిపోర్టు ఇచ్చినప్పుడు ఇస్తారు. సంక్రాంతికి ఇంట్లో ఉందామని డిసెంబరు 20నే చివరి సర్టిఫికెట్ రాయించుకుని హైదరాబాద్ విమానం ఎక్కితే 103 రోజులే అవుతుంది. 27 రోజుల డబ్బు, 486 యూరోలు కోత. జనవరి పరీక్షల సంగతి సరేసరి. చివరి పరీక్ష తర్వాతే ఆ కాగితం మీద తేదీ వేయించుకోండి.

ఇక్కడ వర్కింగ్ స్టూడెంట్ ఉద్యోగం చేస్తుంటే, దాన్ని బార్సిలోనా నుంచి ల్యాప్‌టాప్ మీద కొనసాగిస్తాననుకోకండి. పన్ను, సోషల్ సెక్యూరిటీ చిక్కుల వల్ల చాలా కంపెనీలు ఒప్పుకోవు. చెప్పకుండా చేస్తే ఇంకా ప్రమాదం.

పరీక్షల ఫలితాలు వచ్చిన ఐదు వారాల్లో అక్కడివాళ్లు ట్రాన్స్‌క్రిప్ట్ పంపాలి. థీసిస్ రిజిస్ట్రేషన్‌కు ఇన్ని క్రెడిట్లు ఉండాలన్న షరతు మీకు ఉంటే, ఇది ఆలస్యమైనా ఆలస్యమే. ఫిబ్రవరి చివరికి రాకపోతే రెండు ఆఫీసులకూ ఒకే ఈమెయిల్‌లో రాయండి. విడివిడిగా రాస్తే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు.

ఇదంతా చదివాక కూడా రిస్కు వద్దనిపిస్తే, చిన్న దారి ఒకటుంది. బ్లెండెడ్ ఇంటెన్సివ్ ప్రోగ్రామ్ అంటారు. కనీసం మూడు దేశాల యూనివర్సిటీలు కలిసి నడుపుతాయి. కొన్ని వారాలు ఆన్‌లైన్, మధ్యలో 5 నుంచి 30 రోజులు ఒకచోట చేరి పని. కనీసం 3 క్రెడిట్లు వస్తాయి. రోజుకు 79 యూరోల చొప్పున 14 రోజుల దాకా ఇస్తారు, ఆపైన రోజుకు 56. షెంగెన్‌లో (సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల్లో) 90 రోజుల లోపే కాబట్టి వీసా బెంగ లేదు. కూటములు నడిపే ఆన్‌లైన్ ఉమ్మడి కోర్సులు కూడా ఉన్నాయి. వాటిలో చేరే ముందు అడగాల్సింది ఒకటే: ఈ క్రెడిట్లు నా డిగ్రీ 120లో కలుస్తాయా, లేక అదనంగా పట్టికలో ఒక వరసగా మిగిలిపోతాయా. ఎక్కువసార్లు జవాబు రెండోదే.

ఎరాస్మస్ కోటా మాస్టర్స్‌లో మొత్తం 12 నెలలు. బార్సిలోనాలో నాలుగు నెలలు చిల్లర వాడితే మిగిలినవి ఇంకో దేశంలో ఇంటర్న్‌షిప్‌కు పనికొస్తాయి. కనీసం రెండు నెలలు ఉండాలి. డిగ్రీ చేతికొచ్చాక ఏడాదిలోపు కూడా చేయొచ్చు, కానీ దరఖాస్తు మాత్రం డిగ్రీ పూర్తికాకముందే పెట్టాలి.

మీ తమ్ముడి సంగతి వేరు. ఎరాస్మస్ ముండుస్ ఎక్స్ఛేంజ్ కాదు. మూడు దేశాలకు తగ్గకుండా యూనివర్సిటీలు కలిసి ఒకే మాస్టర్స్‌ను నడుపుతాయి. విద్యార్థి కనీసం రెండు దేశాల్లో చదువుతాడు. చివర్లో ఒక ఉమ్మడి డిగ్రీ గానీ, ఒకటికి మించి డిగ్రీలు గానీ వస్తాయి. క్రెడిట్ల పొత్తు ముందే కుదిరి ఉంటుంది కాబట్టి, మీరు పడే టేబుల్ బి తిప్పలు అతనికి ఉండవు. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు, గరిష్ఠంగా 24 నెలలు. విమానం, వీసా, అద్దె అన్నీ అందులోనే. రాకపోతే సొంత ఖర్చుతో సీటు ఇస్తామంటారు. అప్పుడు ఫీజు ఎంతో చూసి, మీ ఇంటి లోన్ గుర్తుపెట్టుకుని నిర్ణయించుకోమనండి.

ఫైనలియర్‌లో ఉండగానే అప్లై చేయొచ్చు. ఎక్కువ కోర్సుల గడువు అక్టోబరు, జనవరి మధ్య ముగుస్తుంది కాబట్టి వాడికీ సమయం ఇదే. దరఖాస్తు ఒక్కో కోర్సు వెబ్‌సైట్‌లో నేరుగా పెట్టాలి, మధ్యలో ఏజెంటుకు పనిలేదు. "ముండుస్ సీటు ఇప్పిస్తాం" అని అమీర్‌పేటలో ఎవరైనా లక్షలు అడిగితే లేచి వచ్చేయమనండి. రెండు రికమెండేషన్ లెటర్లు సంపాదించడానికే మన కాలేజీల్లో నెల పడుతుంది. ప్రొఫెసర్లను సెమిస్టర్ పరీక్షల హడావుడి మొదలవకముందే, అంటే ఈ వారంలోనే, కలవమనండి. కాలేజీ ఈమెయిల్ ఐడీ ఉన్న ప్రొఫెసర్‌నే అడగమనండి. పోర్టల్ పంపే లింకు జీమెయిల్ చిరునామాకు వెళ్తే కొన్ని కోర్సులు ఆ లెటర్‌ను లెక్కలోకి తీసుకోవు.